చదువు 'రక్షణ'ది... కొలువుకు రక్షణ ఏదీ?
కెనడా 'కమ్యూనిటీ సేఫ్టీ' డిగ్రీకి పొలం తాకట్టు పెట్టే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

ఖమ్మం: విదేశీ చదువంటే ఒకప్పుడు ఇంజనీరింగు, కంప్యూటర్లు, తర్వాత నర్సింగు. ఇప్పుడు కెనడా కాలేజీల కరపత్రాలలో మరో కోర్సు పేరు కూడా కనిపిస్తోంది. అదే కమ్యూనిటీ సేఫ్టీ, అంటే ప్రజా రక్షణ చదువు. లెక్కలు రాకపోయినా చేరవచ్చు. యూనిఫారం ఉద్యోగం మీద మోజున్న గ్రామీణ యువతకు పేరు వినగానే ఆశ కలుగుతుంది. ఇంటర్ పూర్తయిన కొడుకును కెనడా పంపితే పోలీసో, జైలు అధికారో అవుతాడని తండ్రి నమ్మితే ఆయనను తప్పు పట్టలేం.

అయితే కోర్సు పేరుకు, కోర్సు తర్వాత వచ్చే కొలువుకు మధ్య పౌరసత్వమనే గోడ ఉంది. డిగ్రీకి, డిప్లొమాకు మధ్య వర్క్ పర్మిట్ అనే మరో గోడ ఉంది. ఈ రెండూ దాటి చిన్న ఉద్యోగం సంపాదించినా, ఆ అనుభవం శాశ్వత నివాసానికి లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మూడో గోడ. ఈ మూడింటి సంగతి ముందుగా తెలుసుకోకుండా పాసు పుస్తకం తీసి బల్లమీద పెట్టడం నేల విడిచి సాము చేయడమే అవుతుంది.

ఏమిటీ చదువు?

కమ్యూనిటీ సేఫ్టీ అంటే దొంగను పట్టుకోవడం కాదు, దొంగతనం జరగకుండా చూడడం. వీధి దీపాలు లేని సందు, మత్తుకు బానిసైన కుర్రాడు, మతిస్థిమితం తప్పి రోడ్డెక్కిన మనిషి, ఇంట్లో దెబ్బలు తింటున్న ఇల్లాలు, వరదలో చిక్కిన కాలనీ... వీటన్నింటినీ ఒకే పోలీసు స్టేషను చూడలేదు. ఆసుపత్రి, బడి, పురపాలక సంఘం, స్వచ్ఛంద సంస్థ అన్నీ కలిసి పనిచేయాలన్నది ఈ శాస్త్రంలోని మూల సూత్రం. నేర శాస్త్రం, సమాజ శాస్త్రం, చట్టం, తగాదాల పరిష్కారం, విపత్తుల నిర్వహణ వంటి పాఠాలు ఇందులో ఉంటాయి.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ఈ చదువుకు చట్టం అండ కూడా ఉంది. అక్కడి పురపాలక సంఘాలు స్థానిక ప్రజల భద్రతకు, క్షేమానికి ఒక ప్రణాళిక తయారు చేసుకోవాలని 2019 జనవరి నుంచి నిబంధన పెట్టారు. ఆ ప్రణాళికలు రాసేందుకు, అమలు చేసేందుకు చదువుకున్న మనుషులు కావాలి.

ఈ విద్య విలువ ఖమ్మం వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు పట్టణంలోని కాలనీలు నీట మునిగి జనం డాబాలెక్కి ఎదురుచూశారు. ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకున్న 9 మందిని చివరకు ఒక జేసీబీ డ్రైవరు తన ప్రాణాలకు తెగించి ఒడ్డుకు చేర్చాడు. ముందస్తు హెచ్చరిక, ఎవరు ఎటు కదలాలన్న ఏర్పాటు ఉంటే ఒక్క మనిషి సాహసం మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు. అందుచేత చదువు పనికిమాలినది కాదు. ప్రశ్న అల్లా, విదేశీ విద్యార్థిగా అంత డబ్బు పోసి చదివినవారికి అది ఏ తలుపు తెరుస్తుందన్నదే.

మొదటి గోడ: పౌరసత్వం

ఆంటారియోలో పోలీసు అధికారిగా నియమితులు కావాలంటే కెనడా పౌరుడైనా కావాలి, పర్మనెంట్ రెసిడెన్సీ (పి.ఆర్.), అంటే శాశ్వత నివాస హక్కు అయినా ఉండాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కమ్యూనిటీ సేఫ్టీ అండ్ పోలీసింగ్ చట్టంలో ఈ షరతు స్పష్టంగా ఉంది. కేంద్ర పోలీసు దళమైన ఆర్.సి.ఎం.పి.లో కూడా ఇదే పరిస్థితి. స్టడీ పర్మిట్ మీద ఉన్నవారికి, చదువు ముగించి వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి ఈ కొలువులు అందవు.

ఇంతకంటే గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పోలీసు కావడానికి అక్కడ అసలు డిగ్రీయే అవసరం లేదు. పోలీసుల కొరత తీర్చుకునేందుకు ఆంటారియో ప్రభుత్వం 2023లో చట్టాన్ని సవరించి, సెకండరీ స్కూలు చదువు పూర్తి చేస్తే చాలునని తేల్చింది. పోలీసు కళాశాలలో ప్రాథమిక శిక్షణకు ఫీజు కూడా ఎత్తివేసింది. అంటే అక్కడి కుర్రవాడు స్కూలు చదువుతో, ఫీజు లేని శిక్షణతో పోలీసు అవుతుంటే, మన కుర్రవాడు లక్షలు పోసి డిగ్రీ చేతపట్టుకొని గేటు బయట నిలబడవలసి వస్తోంది. ఎక్కువ చదువుకున్నవారికి ఎంపికలో మొగ్గు ఉండవచ్చు. కానీ గేటు దాటనిచ్చేది పత్రమే తప్ప పట్టా కాదు.

రెండో గోడ: డిగ్రీయా, డిప్లొమాయా?

మన ప్రాంతంలో కాలేజీ అంటే ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా డిగ్రీ చెప్పే చోటు. కెనడాలో కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు. కాలేజీలు ప్రధానంగా ఏడాది సర్టిఫికెట్లు, రెండు మూడేళ్ల డిప్లొమాలు ఇస్తాయి. అనుమతి పొందిన కొన్ని కోర్సులకు మాత్రం నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ కూడా ఇస్తాయి. ఒకే కాలేజీలో, దాదాపు ఒకే పేరుతో డిప్లొమా, డిగ్రీ రెండూ ఉండవచ్చు. ఇక్కడే చాలామంది బోల్తా పడే ప్రమాదం ఉంది.

చదువు పూర్తయ్యాక అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చేది పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్. రెండేళ్లు, అంతకు మించిన కోర్సు చదివినవారికి ఇది మూడేళ్ల వరకు లభిస్తుంది. 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకున్నవారు డిప్లొమా వంటి కాలేజీ కోర్సు చదివితే, అది ప్రభుత్వం కొరత ఉందని గుర్తించిన రంగాల జాబితాలో ఉంటేనే ఈ పర్మిట్ ఇస్తారు. వ్యవసాయం, వైద్యం - సామాజిక సేవ, విద్య, శాస్త్ర సాంకేతిక రంగాలు, చేతి వృత్తులు, రవాణా అందులోని విభాగాలు. పోలీసు, రక్షణ కోర్సులకంటూ విడిగా విభాగం లేదు. బ్యాచిలర్ డిగ్రీ చదివినవారికి మాత్రం ఈ రంగం షరతు లేదు. కాలేజీ ఇచ్చే బ్యాచిలర్ డిగ్రీకి కూడా 2025 మార్చిలో ఈ మినహాయింపు ఇచ్చారు. ఎవరికైనా భాషా పరీక్షలో నిర్ణీత స్థాయి మాత్రం తప్పనిసరి.

కనుక 'రెండేళ్లలో అయిపోతుంది, ఫీజు సగం' అని ఎవరైనా డిప్లొమా వైపు నడిపితే, ఆ రెండేళ్ల తర్వాత విమానం ఎక్కి తిరిగి రావలసిన పరిస్థితి ఎదురుకావచ్చు. కోర్సుకు ఒక ఆరంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య జాబితాలో ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టకూడదు. జాబితా కూడా రాయి మీద చెక్కినది కాదు. 2025 జూన్‌లో కొన్ని రంగాలను కలిపారు, కొన్నింటిని తీసివేస్తున్నట్లు చెప్పి మళ్లీ కొంతకాలం ఉంచారు.

ప్రభుత్వ కాలేజీ పేరు మీద ప్రైవేటు సంస్థ పాఠాలు చెప్పే ఒప్పందపు కోర్సుల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 2024 మే 15 తర్వాత అలాంటి కోర్సులు మొదలుపెట్టినవారికి వర్క్ పర్మిట్ అర్హత లేదు. సర్టిఫికెట్ మీద పెద్ద కాలేజీ పేరే ఉంటుంది. పర్మిట్ మాత్రం రాదు.

మూడో గోడ: లెక్కకు రాని అనుభవం

వర్క్ పర్మిట్ చేతికి వచ్చిందనుకుందాం. పోలీసు కొలువు అందదు కాబట్టి ఈ చదువు చదివినవారికి తొందరగా దొరికేది సెక్యూరిటీ గార్డు పని. ఆంటారియోలో గార్డు లైసెన్సుకు 40 గంటల శిక్షణ, ఒక పరీక్ష, అక్కడ పనిచేసే హక్కు ఉంటే చాలు. డిగ్రీతో పనిలేదు. గౌరవమైన శ్రమే, ఇంటికి నాలుగు డాలర్లు పంపవచ్చు. కానీ చిక్కు వేరే చోట ఉంది.

కెనడా ప్రభుత్వం ఉద్యోగాలను 0 నుంచి 5 వరకు తరగతులుగా విభజించింది. అక్కడ పనిచేసిన అనుభవంతో పి.ఆర్. కోరే ప్రధాన మార్గంలో 0 నుంచి 3 తరగతుల ఉద్యోగాలలో కనీసం ఏడాది అనుభవమే చెల్లుతుంది. సెక్యూరిటీ గార్డు పని 4వ తరగతి. మూడేళ్ల పాటు రాత్రింబవళ్లు గేటు కాసినా ఆ మార్గంలో ఒక్క రోజు కూడా లెక్కకు రాదు. పర్మిట్ గడువు అయిపోయాక గానీ కొందరికి ఈ సంగతి తెలియదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. సామాజిక సేవా కార్యకర్త ఉద్యోగం 2వ తరగతి. పురపాలక నిబంధనల అమలు అధికారి, జైలు అధికారి 3వ తరగతి. ప్రొబేషన్ అధికారి 1వ తరగతి. నిరాశ్రయుల వసతి గృహాలు, యువజన కేంద్రాలు, బాధిత మహిళలకు సాయపడే సంస్థలలో పని దొరికితే అది 2వ తరగతిలోకి వచ్చే అవకాశం ఉంది. అయితే వీటికి ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడడం, తప్పులు లేని నివేదిక రాయడం, అక్కడి జనం తీరు తెలియడం అవసరం. చదువుకునే రోజుల్లోనే అలాంటి చోట్ల ప్లేస్‌మెంట్ చేసినవారికీ, నాలుగేళ్లూ గిడ్డంగిలో పెట్టెలు మోసినవారికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. ఇవన్నీ కుదిరినా పి.ఆర్. హామీ కాదు. పాయింట్ల పోటీ ఉంటుంది. ఉద్యోగ హామీ పత్రానికి ఇచ్చే అదనపు పాయింట్లను కూడా 2025 మార్చిలో ఎత్తివేశారు.

ఖర్చు ఎంత? కూలి ఎంత?

ఆంటారియో కాలేజీలలో విదేశీ విద్యార్థికి ఇలాంటి డిగ్రీ ఫీజు ఏడాదికి సాధారణంగా 15 వేల నుంచి 20 వేల డాలర్ల మధ్య ఉంటుంది. డాలరు 65 రూపాయలు అనుకుంటే నాలుగేళ్ల ఫీజే 39 నుంచి 52 లక్షలు. దీనికి తోడు మొదటి ఏడాది బతుకు తెరువుకు 22,895 డాలర్లు, అంటే దాదాపు 15 లక్షలు చూపించాలని 2025 సెప్టెంబరు 1 నుంచి నిబంధన పెట్టారు. 2023 వరకు ఇది 10 వేల డాలర్లే. ఫీజుతో కలిపి మొదటి ఏడాదికే 25 నుంచి 28 లక్షలు సిద్ధం చేసుకోవాలి. నాలుగేళ్ల బతుకు ఖర్చు కూడా ఇదే లెక్కన కలుపుకుంటే మొత్తం కోటి రూపాయల దరిదాపులకు చేరుతుంది.

'అక్కడ పనిచేసుకొని ఫీజు కట్టుకుంటాడు' అన్న మాట ఎంతవరకు నిజం? చదువు సాగే రోజుల్లో వారానికి 24 గంటలకు మించి బయట పనిచేయరాదు. ఆంటారియోలో కనీస వేతనం 2025 అక్టోబరు 1 నుంచి గంటకు 17.60 డాలర్లు. వారానికి 422 డాలర్లు. ఒక్క వారం కూడా ఖాళీ లేకుండా ఏడాదంతా ఇలాగే పని దొరికినా వచ్చేది 22 వేల లోపే. ప్రభుత్వం చెప్పిన బతుకు ఖర్చుకే ఇది చాలదు. కాలేజీ సెలవుల్లో ఎక్కువ గంటలు పనిచేసే వీలున్నా ఫీజు మొత్తం దానితో పూడదు. ఫీజు భారం ఇంటి మీదే పడుతుందన్నది ఖాయం.

పెళ్లయినవారు భార్యకు కూడా పని దొరుకుతుందని లెక్క వేసుకుంటుంటారు. 2025 జనవరి 21 నుంచి ఆ వెసులుబాటును 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్, డాక్టరేట్, ఎంపిక చేసిన కొన్ని వృత్తి కోర్సులు చదివేవారి భార్య లేదా భర్తకు మాత్రమే పరిమితం చేశారు. కమ్యూనిటీ సేఫ్టీ డిగ్రీ ఆ కోవలోకి రాదు.

ఇక అప్పు సంగతి. బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షల రూపాయలు దాటిన విద్యారుణానికి ఆస్తి హామీ అడుగుతాయి. రైతు దగ్గర ఉన్న ఆస్తి భూమే. అప్పు ఎగవేస్తే ఆస్తిని స్వాధీనం చేసుకునేందుకు బ్యాంకులకు అధికారమిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే విద్యారుణానికి పొలాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు వెనుకాడతాయి. అప్పుడు రైతుకు మిగిలేది ఇంటి స్థలం, లేకపోతే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. పత్తి, మిర్చి ధర మీద ఆధారపడిన ఇంట్లో 10 లక్షల అప్పుకు నెలకు 20 వేలు వడ్డీ పుట్టించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద 20 లక్షల రూపాయల సాయం ఇస్తున్నా అది పై చదువులకే. ఇంటర్ తర్వాత డిగ్రీకి వెళ్లేవారికి వర్తించదు.

కాలేజీలకు మన పిల్లలు ఎందుకు అవసరమయ్యారు?

ఆంటారియో ప్రభుత్వం 2019లో స్థానిక విద్యార్థుల ఫీజును 10 శాతం తగ్గించి, తర్వాత అక్కడే నిలిపివేసింది. కాలేజీలు ఆ లోటును విదేశీ విద్యార్థుల ఫీజుతో పూడ్చుకున్నాయి. 2020-21లో ప్రభుత్వ కాలేజీలలో విదేశీ విద్యార్థులు 30 శాతమే ఉన్నా ఫీజు రాబడిలో 68 శాతం వారిదేనని అక్కడి ఆడిటర్ జనరల్ 2021 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. ఆ విదేశీ విద్యార్థులలో 62 శాతం మంది భారతీయులే. విద్యార్థులను చేర్చిన ఏజెంట్లకు కాలేజీలు కమిషన్ ఇస్తాయన్నది కూడా బహిరంగమే. కన్సల్టెన్సీ వారు తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోకుండా ఉచితంగా పంపుతామన్నప్పుడు ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఆలోచించుకోవాలి.

ఇళ్ల అద్దెలు పెరిగి ప్రజలు అసంతృప్తి చెందడంతో కెనడా ప్రభుత్వం 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. అదే ఏడాది నవంబరులో త్వరగా పర్మిట్ ఇచ్చే పద్ధతిని రద్దు చేసింది. 2026లో కొత్తగా వచ్చే విద్యార్థుల లక్ష్యాన్ని 1,55,000కు తగ్గించింది. 2025 ఆగస్టులో భారతీయుల దరఖాస్తులలో నూటికి 74 తిరస్కరణకు గురైనట్లు వార్తలు వచ్చాయి. 2023 ఆగస్టులో ఇది 32 మాత్రమే. విదేశీ విద్యార్థులు తగ్గడంతో ఆంటారియో కాలేజీలు 600కు పైగా కోర్సులను మూసివేశాయి, లేదా నిలిపివేశాయి. సగంలో కోర్సు మూతపడితే విద్యార్థికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 2024 నవంబరు నుంచి కాలేజీ మారాలంటే కొత్తగా స్టడీ పర్మిట్ తీసుకోవలసిందే.

తిరిగి వస్తే?

అక్కడ కుదరక తిరిగి వచ్చినవారికి ఈ పట్టా ఇక్కడ ఎలా పనికి వస్తుంది? మన రాష్ట్రంలో ఎస్సై పోస్టుకు డిగ్రీ, కానిస్టేబుల్‌కు ఇంటర్ ఉంటే చాలు. కమ్యూనిటీ సేఫ్టీ చదివినందుకు ప్రత్యేక మార్కులేమీ లేవు. పైగా విదేశీ డిగ్రీకి సమానత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఇందుకు యు.జి.సి. 2025లో కొత్త నిబంధనలు ఇచ్చింది. ఊరి దగ్గర కాలేజీలో డిగ్రీ చదివిన కుర్రవాడు, కోటి రూపాయల డిగ్రీ తెచ్చిన కుర్రవాడు ఒకే మైదానంలో ఒకే పరుగు పందెంలో నిలబడాలి.

ఈ విద్యే చదవాలన్న కోరిక నిజంగా ఉన్నవారికి దేశంలోనే దారి ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయాన్ని కేంద్రం 2020లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ఏర్పాటు చేసింది. పోలీసు, అంతర్గత భద్రతకు సంబంధించిన కోర్సులు అక్కడ ఉన్నాయి. ఇక్కడ డిగ్రీ చేసి, కొంతకాలం సంబంధిత రంగంలో పనిచేసి, ఆ తర్వాత పై చదువుకు విదేశం వెళ్తే ప్రభుత్వ సాయానికి అర్హత కూడా రావచ్చు.

ఫీజు కట్టే ముందు అడగవలసినవి

ఇది డిగ్రీయా, డిప్లొమాయా? కోర్సు ఆరంకెల సంఖ్య ఏమిటి? వర్క్ పర్మిట్ వస్తుందని నోటి మాట కాకుండా ప్రభుత్వ జాబితాలో చూపగలరా? పాఠం చెప్పేది కాలేజీయా, దాని పేరు వాడుకునే మరో సంస్థా? ఈ కోర్సు పూర్తి చేసిన విదేశీ విద్యార్థులు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు, అది ఏ తరగతి ఉద్యోగం? పర్మిట్ తిరస్కరిస్తే కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు? ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వనివారి దగ్గర డబ్బు కట్టకపోవడమే క్షేమం.

కెనడా వలస వ్యవహారాలపై డబ్బు తీసుకొని సలహా ఇచ్చే హక్కు అక్కడి లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లకు, న్యాయవాదులకు మాత్రమే ఉంది. వారి పేర్లు బహిరంగ రిజిస్టరులో ఉంటాయి. నకిలీ ప్రవేశ పత్రాలతో వెళ్లిన వందలాది భారతీయ విద్యార్థులు, అందులో ఎక్కువమంది పంజాబీలు, 2023లో బహిష్కరణ ప్రమాదంలో పడ్డారు. పత్రం నకిలీదని తమకు తెలియదని వారిలో పలువురు వాపోయారు. ఆ తర్వాతే ప్రతి ప్రవేశ పత్రాన్నీ కాలేజీ స్వయంగా ధ్రువీకరించాలన్న పద్ధతి 2023 డిసెంబరు 1 నుంచి వచ్చింది.

ఉద్యోగాలకు మనుషులను విదేశాలకు పంపే ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేసుకోవాలి. చదువుకు పంపే కన్సల్టెన్సీలు దాని పరిధిలోకి రావు. పంజాబ్ ప్రభుత్వం 2012లోనే చట్టం చేసి కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. మన దగ్గర కూడా అలాంటి ఏర్పాటు అవసరం. ఈలోగా కనీసం జిల్లా ఉపాధి కార్యాలయంలోనైనా ఒక గుమాస్తాను కూర్చోబెట్టి, కోర్సు సంఖ్య తెచ్చిన తల్లిదండ్రులకు అది జాబితాలో ఉందో లేదో చూసి చెప్పే ఏర్పాటు చేస్తే ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఒక కంప్యూటరు, అరగంట సమయం చాలు. ఒక కుటుంబానికి మూడు తరాలుగా వచ్చిన మాగాణి నిలబడుతుంది.